గాజుల మలారంలో రేడియో

ఈ కాలంలో రేడియో కావాలని నా దుకాణం మెట్లెక్కిన మనిషి పదేళ్లలో ఒక్కతే. ఆమె పేరు సుగ్రా బేగం. రేడియో ఎన్నుకునేటప్పుడు నన్ను నాలుగు రోజులు సతాయించింది. ఆ తర్వాత ఊరు కాని ఊళ్లో, యాభై మంది ఆడవాళ్ల ముందు, ప్లాస్టిక్ కుర్చీ మీద చెయ్యి పైకెత్తి నిలబెట్టింది. అయినా ఆమె గురించి రాయడానికి కూర్చుంటే నాకు నవ్వే వస్తోంది.

చెన్నూరు బస్టాండు వెనక సందులో నాది రిపేరు దుకాణం. బోర్డు మీద ‘లింగమూర్తి రేడియో, టేప్ రికార్డర్’ అని ఉంటుంది. లోపల మాత్రం సెల్‌ఫోన్లకు అద్దాలు మారుస్తుంటాను. బోర్డు మార్చమని ఇంట్లో చెప్పీ చెప్పీ ఊరుకున్నారు. నాకు కోపం ఎక్కువని ఊళ్లో పేరు. ఫోను బకెట్లో పడేసి తెచ్చి, ‘నేనేం చేయలే, అదే బందైంది’ అని మొహం మీదే అబద్ధం చెప్పేవాళ్ల మధ్య రోజంతా గడిపితే ఎవరికి రాదు కోపం?

సుగ్రా బేగం గాజులు అమ్ముతుంది. అరవై నాలుగేళ్లు. ఒకప్పుడు గాజుల మలారం, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల బరువంతా, భుజాన వేసుకుని ఊరూరా తిరిగేది. ఇప్పుడు రెండు పెద్ద సంచుల్లో సర్దుకుని బస్సుల్లో తిరుగుతుంది. వాటినీ మలారం అనే అంటుంది. మంథని నుంచి శ్రీరాంపూర్ అంగడి దాకా ఆమె పట్టుకోని ఆడవాళ్ల చెయ్యి లేదు. మాతో తెలుగు మాట్లాడుతుంది, ఇంట్లో ఉర్దూ. తిట్టేటప్పుడు రెండూ వాడుతుంది.

“లింగమూర్తీ, ఆదిలాబాద్ రేడియో అడివిల సుత ఇనవడాలె. గసొంటిది ఒకటి చూడు. జల్ది,” అంది వస్తూనే.

“ఇప్పుడు ఫోన్లనే వస్తది గదక్కా.”

“గా ఊర్లె ఫోన్ పలుకది. పలికితె నీ మొఖం చూద్దామని వస్తనా?”

సంగతి ఇది. ఆమె కొడుకు కూతురు నూరీన్ ఆదిలాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. రేడియో స్టేషన్ వాళ్లు కాలేజీ పిల్లల చేత ‘మా ఇంటి పని’ మీద పది నిమిషాలు మాట్లాడిస్తున్నారట. ముందే రికార్డు చేసి వేసేది కాదు, నేరుగా ప్రసారం. గురువారం పొద్దున పదకొండింటికి నూరీన్ వంతు. పిల్ల చదువులో చురుకే గానీ నలుగురి ముందు నిలబడితే గొంతు పెగలదు. కిందటేడు కాలేజీలో మైకు ముందుకు పోయి, ఒక్క మాటా రాక దిగి వచ్చి, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈసారీ పేరు కొట్టేయించుకుంటానంటే సుగ్రా బేగమే ఫోనులో సముదాయించింది. “నువ్వు ఇంటున్నవంటె మాట్లాడుత దాదీ. నువ్వొక్కదానివే ఎదురుంగ ఉన్నవనుకుంట” అంది నూరీన్. “ఏడున్నా ఇంట బిడ్డా” అని దాదీ మాటిచ్చేసింది.

ఇచ్చాక గుర్తొచ్చింది, ఆ గురువారం పొద్దుటికే ఇంకో మాట ఇచ్చి ఉన్నానని. చెన్నూరు ఆడబిడ్డ రమను ఉట్నూరు అవతల గుట్టల్లో ఉన్న ఊరికి ఇచ్చారు. పాతికేళ్ల కింద రమకు పెండ్లి గాజులు వేసింది సుగ్రా బేగమే. ఇప్పుడు రమ కూతురు నవత పెండ్లి. ‘నాకేసిన చెయ్యే నా బిడ్డకు వెయ్యాలె’ అని రమ నెల ముందే వచ్చి ఒప్పించుకు పోయింది. పెండ్లి గాజులకు అయ్యగారు పంచాంగం చూసి పెట్టిన గడియ పదిన్నర. గాజులామె ఒకసారి పెండ్లిపిల్ల చెయ్యి పట్టుకుందంటే, రెండు చేతులూ నిండేదాకా లేవకూడదు, చెయ్యి విడవకూడదు. అది పద్ధతి. లేచి గుట్టెక్కి ఫోన్ సిగ్నల్ వెతుక్కోవడం కుదరదు.

“రికార్డు చేపిద్దాం. ఇంటికొచ్చి ఇంటె అయిపాయె,” అన్నాను.

“తర్వాత ఇంటనని చెప్పిన్నా? ఇంట అని చెప్పిన. పోరి గాడ మాట్లాడుతుంటె నేను ఇనకపోతె నా మాట ఝూటా కాదా?”

బకెట్లో పడ్డ ఫోన్ల మధ్య బతికేవాడికి ఆ ప్రశ్న సూటిగా తగిలింది. అటకెక్కి రేడియోల మీది దుమ్ము దులిపాను.

మొదట ఆమె అంకెల గుండీలు నొక్కే పాత ఫోనులో ఉన్న ఎఫ్ఎం చూద్దామనుకున్నాను. దానికి చెవుల్లో పెట్టుకునే తీగే ఏరియల్. బలమైన స్టేషన్ పక్కనే ఉంటే సరే, దూరంగా ఉంటే బుస్సుమంటుంది. పైగా ఆ తీగ చెవుల్లో పెట్టుకుంటే పెండ్లివాళ్ల మాట వినపడదు. అది వద్దనుకున్నాం.

తర్వాత వరసగా మూడు రేడియోలు ముందు పెట్టాను. ఒకటి ఎర్ర లైట్లు, టార్చి, పాటల కార్డు అన్నీ ఉన్నది. మోత తప్ప రేడియో సంగతి అంతంతమాత్రం. “ఇది బారాత్‌ల ఎగిరెటందుకు మంచిగున్నది,” అని పక్కకు నెట్టింది. రెండోది నేను ప్రాణంలా చూసుకునే పాత పెద్ద పెట్టె. మీడియం వేవ్ గంటలా మోగుతుంది. ఒకసారి ఎత్తి చూసి, “దీన్ని మొయ్యనీకె ఇంకో సుగ్రా కావాలె,” అంది. నాకు ఒళ్లు మండింది గానీ మాట నిజమే. ప్రయాణానికి పనికొచ్చేది బరువు తక్కువ ఉండాలి. మూడోది అంకెలు కనపడే తెర ఉన్నది, మీటలు నొక్కాలి. “గీ అంకెలు చూడాలంటె అద్దాలు పెట్టుకోవాలె. నా చేతుల గాజులుంటయ్. తిప్పెటిది చూడు, మోచేతితోని సుత తిప్పాలె.”

నాలుగోది మంచిర్యాల నుంచి తెప్పించాను. రొట్టె డబ్బా అంత ఉంటుంది. ఎఫ్ఎం, మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్‌లు. పక్కన గుండ్రంగా తిప్పే పెద్ద చెవి. మూరెడు దాటి సాగే ఏరియల్. కరెంటుతో చార్జి చేయొచ్చు, లేదంటే లావు సెల్లులు మూడు వేసుకోవచ్చు. బయట తిరిగేవాళ్లకు నేనెప్పుడూ ఇదే చెబుతాను. ఏ పల్లె కిరాణంలోనైనా సెల్లులు దొరుకుతాయి, కరెంటు దొరక్కపోవచ్చు.

సుగ్రా బేగం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి గోటితో టక్కుమని కొట్టింది. గాజుకు బీట ఉందేమో చూసేవాళ్లు అట్లాగే కొడతారు. “లోపట ఏదో లూజున్నది,” అంది. కొత్త సరుకు మీద వంక పెడుతుందా అని కోపంగా విప్పి చూశాను. స్పీకరు మరల్లో ఒకటి నిజంగానే వదులుగా ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం నాది. సిగ్గుపడుతూ బిగించాను.

“ఎఫ్ఎం అంటె చూపు లెక్క అక్కా. ఎదురుంగ గుట్టొస్తె ఆగుతది. మీడియం వేవ్ నేల పట్టుకొని నడిచొస్తది, గుట్టలకు జంకది. షార్ట్ వేవ్ ఆకాశానికి తాకి ఏడనో దేశాల కెల్లి దిగుతది.”

“ఆదిలాబాద్‌ది ఏంది?”

“ఎఫ్ఎం.”

“అంటె గుట్టకు ఆగేదే! మంచిగ చెప్పినవ్ పో. మరి తక్కినయి ఎందుకు?”

“తొవ్వ పొడుగున ఇననీకె. ఆదిలాబాద్ సంగతి ఏరియల్ చూసుకుంటది. నేనున్న.”

నేనున్నానని ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు.

అలవాటు కావాలని వారం రోజులు అంగళ్లకు తీసుకెళ్లమన్నాను. శ్రీరాంపూర్ అంగడి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం రేడియో నా బల్ల మీద దబ్బున పెట్టింది. “కరాబ్ సామాన్ అంటగట్టినవ్. పొద్దటి సంది గుర్రుగుర్రుమనుడే. మందిల నా ఇజ్జత్ తీసింది.” ఎట్లా పెట్టావో చూపించమన్నాను. సంచి తెరిచి, రేడియో నిలబెట్టి, ఏరియల్ నిలువుగా సాగదీసి, అలవాటు చేతితో రెండు డజన్ల గిల్టు గాజులు దానికి టకటకా గుచ్చేసింది. ఎర్రవి కింద, పచ్చవి పైన, చూడ్డానికి ముద్దుగా ఉంది.

“ఇదేంది?”

“ఎవలన్న చూస్తె కొనాలె గద. ఉత్తగ నిలబడ్డ కడ్డీ ఎందుకు?”

నాకు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. గాజులొక్కొక్కటీ తీస్తుంటే పాట తేటపడుతూ వచ్చింది. ఆఖరిది తీసేసరికి పాడేవాడి ఊపిరి కూడా వినపడింది. సుగ్రా బేగం నా వంక చూడకుండా, “మట్టిగాజులైతె ఏం కాకపోవు. గిల్టువి కాబట్టె,” అని గిల్టు మీదికి తోసేసింది.

బుధవారం ఆమెతో పాటు నేనూ బయల్దేరాను. దుకాణం రెండు రోజులు మూశాను. రేడియో పలకకపోతే మాట పోయేది ఆమెది, పేరు పోయేది నాది. అసలు నిజం చెప్పాలంటే, ఇన్నేళ్లకు నా పని మీద ఒకరు ఇంత ఆశ పెట్టుకుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

బస్సు ఇనప డబ్బా, అందులో రేడియో పలకదు. కిటికీ సీటు పట్టి ఏరియల్ కాస్త బయటికి వంచితే దారిన పడింది. మంచిర్యాల దాటాక ఎఫ్ఎం సన్నగిల్లింది, మీడియం వేవ్‌కు మార్చాను. దాని ఏరియల్ పెట్టె లోపలే ఉంటుంది, పెట్టెను తిప్పితేనే దిక్కు దొరుకుతుంది. సుగ్రా బేగం రేడియోను పక్కసీటు పెద్దాయన ఒళ్లో పెట్టి, “జర ఇటు తిరుగు అన్నా, ఇంకొంచెం, ఆఁ, గట్లనే ఉండు,” అని ఆయన్నే తిప్పింది. ఆయన జన్నారం దాకా వంకరగా కూర్చుని పాటలు వింటూ వచ్చాడు. దిగబోతూ కండక్టరును తిట్టాడు, పాట మధ్యలో దింపుతున్నాడని.

అడవిలో షార్ట్ వేవ్ పెట్టాను. ఏ దేశమో, ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సుగ్రా బేగం మాత్రం తల ఊపుతూ విన్నది. “ఏం చెప్తుందక్కా?” అంటే, “ఏమో. మంచి మనిషిలెక్కనె ఉన్నది,” అంది.

ఉట్నూరు దగ్గర బస్సు గుట్టెక్కగానే ఎఫ్ఎం తిప్పాను. ఆదిలాబాద్ స్టేషన్ అద్దంలా వచ్చింది. సుగ్రా బేగం రేడియో నెత్తిన ముద్దు పెట్టింది. నేను గొప్పగా మీసం సవరించుకున్నాను. ఆ గొప్ప ఊరు చేరేదాకే.

రమ వాళ్ల ఊరు మూడు గుట్టల నడుమ, గిన్నె అడుగున ఉన్నట్టుంది. ఎక్కడ పెట్టినా బుస్సు. ఆ సాయంత్రం, తెల్లారి పొద్దున, వాకిలి వాకిలీ తిరిగాను. బుస్సులో బుస్సు.

గురువారం పదిన్నరకు పందిట్లో చాప వేశారు. ముందు సుగ్రా బేగం చేతికి బొట్టు పెట్టి, ఒళ్లో బియ్యం పోసి, రైక బట్ట పెట్టారు. నవత వచ్చి కూర్చుంది. “బిస్మిల్లా” అని సుగ్రా బేగం ఆ పిల్ల ఎడమ చెయ్యి అందుకుంది. ఇంక లేవడానికి లేదు. నవత వేళ్లు కలిపి నొక్కుతూ, ముచ్చట పెడుతూ, పచ్చటి మట్టిగాజులు ఒక్కొక్కటే ఎక్కిస్తోంది. చూపు మాత్రం నా మీద. “లింగమూర్తీ, టైమెంత?”

నా సంచిలో మోటారు వైండింగు రాగి తీగ ఉంది. ఒక కొస ఏరియల్‌కు చుట్టి, రెండో కొస పందిరి గుంజకు పైన కట్టాను. బుస్సులో నుంచి మాటల నలుసులు రాలాయి. గుంజ పొడుగు చాలదు. కుర్చీ తెప్పించుకుని ఎక్కి, తీగ కొస పట్టుకుని ఇంకా పైకి లేపాను. ఠక్కున మాట తేటగా వచ్చింది! తీగ వదిలితే పోయింది. పట్టుకుంటే వచ్చింది. పైకెత్తిన నా చెయ్యే ఏరియల్ అయిందని అర్థమైంది.

“కదులకు అన్నా!” అని రమ అరిచింది. యాభై మంది ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. ఒకామె, “రేడియోకు మనిషి కావాల్నని మాకెర్కలేకపాయె,” అంది. పందిరి పందిరంతా నవ్వింది. ముక్కు దురద పెట్టినా గోక్కునే దిక్కు లేదు నాకు. ఇంకో చేత్తో గుంజ పట్టుకున్నాను మరి.

పదకొండు. ఎడమ చెయ్యి నిండింది. కుడి చేతికి సగం. స్టేషన్ ఆమె నూరీన్ పేరు చెప్పింది. “నమస్కారం. నా పేరు నూరీన్. మాది చెన్నూరు,” అని సన్నటి గొంతు. తర్వాత ఏమీ లేదు.

“పోయింది! చెయ్యి లేపు!” అని నలువైపుల నుంచీ అరుపులు. నా చెయ్యి పైనే ఉంది. నాకు తెలుసు. స్టేషన్ పోతే బుస్సు వస్తుంది. ఇప్పుడు బుస్సు లేదు. రేడియో నిండా శుభ్రమైన నిశ్శబ్దం. స్టేషన్ ఉంది, మైకు ఉంది, దాని ముందు ఆ పిల్ల ఉంది. మాట రావడం లేదు, అంతే.

“రేడియో మంచిగనే ఉన్నదక్కా,” అన్నాను.

సుగ్రా బేగానికి అర్థమైంది. చేతిలో గాజు నవత పిడికిలి దగ్గరే ఆగిపోయింది. ఆ పెట్టెలో నుంచి అవతలికి మాట పోదని ఆమెకు నేను నూరుసార్లు చెప్పాను. అయినా దాని వైపు వంగి, చంటిపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా అంది. “నేనున్న. ఇంటున్న బిడ్డా. ఫికర్ చెయ్యకు.”

ఎన్ని క్షణాలో నేను లెక్కపెట్టలేదు. నా భుజం లాగేస్తోంది.

“మా దాదీ ఇప్పుడు ఒక పెండ్లింట్ల ఉన్నది,” అంది రేడియో. “గుట్టల నడుమ. నేను మాట్లాడేది ఇంటున్నది. ఆమెతోనే చెప్తున్న.”

ఇక ఆగలేదు ఆ పిల్ల. మా దాదీకి చదువు రాదు, గానీ చెయ్యి చూస్తే చాలు గాజు సైజు చెప్తది అంది. పగిలిన గాజు దాచి అమ్మితే ఆ చెయ్యి మళ్లీ నమ్మదు అంటది అంది. పోయినేడు నేను మైకు ముందు నుంచి దిగొస్తే అందరూ ఏమైంది ఏమైంది అన్నరు, మా దాదీ ఏం అడగలే, నా చెయ్యి తీసుకొని గాజులు వేసింది అంది. రమ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నూరీన్ గొంతు మారింది, అల్లరి వచ్చింది. “ఒక రహస్యం చెప్త. పెండ్లిపిల్ల చెయ్యి బిగుసుకుంటే దాదీ గట్టిగ నొక్కది. మీ అత్త పేరేంది బిడ్డా అని అడుగుతది. పిల్ల సిగ్గువడంగనే చెయ్యి మెత్తవడతది. గప్పుడు గాజు ఎక్కిస్తది.”

పందిరి లేచిపోయినంత పని అయింది. ఎందుకంటే పావుగంట కింద అక్కడున్న యాభై మందీ విన్నారు, సుగ్రా బేగం నవతను అదే ప్రశ్న మూడుసార్లు అడగడం. నవత చెయ్యి లాక్కుని, “నాకు తెల్సిపోయింది సుగ్రవ్వా! ఇప్పుడెట్ల ఎక్కిస్తవో చూస్త!” అని నవ్వింది. సుగ్రా బేగం నవ్వుతోందో ఏడుస్తోందో నాకు పై నుంచి తెలియలేదు. “ఇంటి దొంగ! ఇంటికి రానియ్, చెప్త దాని సంగతి,” అంటోంది, కన్నీళ్లు గడ్డం మీది నుంచి ఒళ్లో బియ్యంలోకి రాలుతున్నాయి. ఆ ముఖం చూస్తూ కూర్చున్న నవత తన చేతి సంగతి మరిచిపోయింది. మిగిలిన గాజులు ఎప్పుడు ఎక్కాయో ఎవరూ చూడలేదు.

నన్ను కుర్చీ దింపడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. చెయ్యి కిందికి రానంది. రమ నూనె రాసి, మొదటి విస్తరి నాకే వేయించింది.

సాయంత్రం తిరుగు బస్సు ఉట్నూరు చేరగానే సుగ్రా బేగం ఫోను మోగింది. నూరీన్. పొద్దటి నుంచి చేస్తూనే ఉందట. గుండీల ఫోను కదా, ఆ పిల్ల మాట పక్క సీట్లో నాకూ వినపడింది.

“ఇన్నవా దాదీ? నిజం చెప్పు.”

“మొత్తం ఇన్న,” అంది సుగ్రా బేగం. “నువ్వు మాట్లాడకముందు ఊకున్నవు చూడు, అది సుత ఇన్న. గప్పుడు నీతోనే ఉన్న.”

అటు నుంచి మాట రాలేదు. సుగ్రా బేగం ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, కండక్టరు టికెట్ అడుగుతున్నా పలక్కుండా, ఆగింది.